గెంతులయ్య లోపల ఎవరు?

ఫిబ్రవరి 4

పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. ఫోన్ చెయ్యడం లేదని అలగకు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే చాలు, మాటకంటే ముందు ఏడుపు వచ్చి కూర్చుంటుంది. నువ్వు అవతల "అమ్మా, అమ్మా" అని అరవడం, నేను ఇవతల ముక్కు చీదడం. నీ అన్నయ్య పోయి పదహారేళ్ళయినా నా ఈ అలవాటు పోలేదు. కాగితమైతే నయం. ఏడిస్తే అక్షరం కాస్త వంకర పోతుంది. నాది ఎలాగూ వంకర అక్షరమే కాబట్టి నీకు తేడా తెలీదు.

ఇక్కడో వింత జరిగింది. మొన్న సోమవారం ఒకాయన తలుపు కొట్టాడు. ముప్పై ఏళ్ళుండవు, బళ్ళో లెక్కలు చెబుతాడట. చెప్పులు బయటే విప్పి, "అమ్మా, గెంతులయ్యని కుట్టింది మీరేనా?" అన్నాడు. ఆ పేరు బయటివాళ్ళ నోట విని ఎన్నాళ్ళయిందే!

ఆయన చిన్నప్పుడు మన గెంతులయ్య కార్యక్రమం ఒక్కటీ వదలకుండా చూశాడట. ముందు ఆ వీడియో ఆట ఆడేవాడట, మీరిద్దరూ బొత్తాలు నొక్కుతూ కొట్టుకు చచ్చేవాళ్ళే, అదే ఆట. గుంటలు దూకుతూ తాళంచెవులు ఏరుకునే ఆ పసుపుపచ్చ బొజ్జాయన టీవీలో నిజంగా నడిచొస్తే ఆ రోజు అన్నం మానేసి చూశానమ్మా అన్నాడు. ఇప్పుడు ఆ కార్యక్రమం గురించి దొరికిన ముక్కా చెక్కా అంతా ఏరి కంప్యూటర్లో ఒకచోట పెడుతున్నాడు. నలభై భాగాలు తీస్తే ఒక్కటీ మిగల్లేదట. స్టూడియోవాళ్ళు పాత టేపులు తుడిచేసి వాటి మీదే కొత్తవి ఎక్కించేశారట. ఎవరో ఇంట్లో టీవీలోంచి రికార్డు చేసుకున్న ఆ ఎనిమిది నిమిషాల ముక్క ఒక్కటే ప్రపంచం మొత్తానికి మిగిలింది. నువ్వు రెండేళ్ళ కిందట నా ఫోన్లో వేసి పెట్టావే, అదే.

ఎన్ని ప్రశ్నలనుకున్నావు! నిప్పుల గుండం ఎలా చేశారు? ఎర్ర అస్తరు గుడ్డ కింద రెండు టేబుల్ ఫ్యాన్లు పెట్టామయ్యా అన్నాను. తాళంచెవులు? బిస్కెట్ డబ్బా మూతలు కత్తిరించాం. కుడి కన్ను ఎడమ కన్ను కంటే పెద్దదెందుకు? కుడిది పగిలితే టీ గిన్నె మూతకి రంగేసి అంటించాం. ఆయన కళ్ళు పెద్దవి చేసుకుని పుస్తకంలో రాసుకుంటున్నాడు, నేనేదో రాజుగారి గుట్టు చెబుతున్నట్టు. తోకలో చిరిగిన మేజోళ్ళు కూరామని, కొస బల్బు వెలగడానికి బ్యాటరీ పెట్టే చిన్న జేబు కుట్టానని కూడా చెప్పాను. ఒకసారి ఆ జేబులో ఖాళీ మాత్రల అట్ట దొరికింది, ఎవడో తలనొప్పిగాడు పడేసి ఉంటాడంటే ఆయన అదీ రాసుకున్నాడు!

చివరికి అడిగాడు, లోపల ఎవరుండేవారు అని. నలభై భాగాలకీ మా పెద్దోడే అన్నాను. ఆ ఎనిమిది నిమిషాల కింద వాడి పేరు రాస్తాడట. వాడి ముఖం ఎక్కడా కనపడలేదు, గొంతు ఇంకెవరిదో తెచ్చి అతికించారు, కనీసం పేరైనా పడుతుందే. ఆ రోజంతా నాకు నేల మీద కాలు నిలవలేదు. నీకు గుర్తున్న సంగతులు నువ్వూ ఆయనకి రాయి.

నడుం నొప్పి తగ్గింది. మిషన్ బెల్టు తెగితే మార్పించాను.

అమ్మ


ఫిబ్రవరి 12

అమ్మా,

నీ ఉత్తరం చదివాను. నువ్వు సంతోషంగా ఉన్నందుకు నాకూ సంతోషమే.

ఒక్క మాట. నలభై భాగాలకీ అన్నయ్యే అని రాయొద్దని ఆ మాస్టారికి చెప్పు. "చాలా భాగాలకి" అంటే సరిపోతుంది. ఆ ముక్క కింద కూడా ఇప్పుడే ఏ పేరూ వేయొద్దను. ఎవరో వచ్చి అడిగితే అన్నీ చెప్పెయ్యాలా? నువ్వు కూడా దాన్ని రోజూ పెట్టుకుని చూడకు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తానని రాశావు ఆ మధ్య. కాస్త తగ్గించు.

నువ్వు పంపిన కంటి పరీక్ష చీటీ ప్రకారం అద్దాలు తయారయ్యాయి. మా దుకాణంలో పనివాళ్ళు నలుగురున్నా నీవి నేనే కూర్చుని అరగదీశాను. ఆరేళ్ళుగా పాత అద్దాలతో సూదిలోకి దారం ఎలా ఎక్కించావో నాకర్థం కావడం లేదు. విడిగా పెట్టెలో పంపుతున్నాను. మొదటి రెండు రోజులు నేల ఎత్తుగా కనిపిస్తుంది, మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త.

పిచ్చుక


ఫిబ్రవరి 21

అమ్మాయికి,

ఈసారి పిచ్చుకా అని రాయబుద్ధి కావడం లేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, ఎక్కడైనా తప్పు చదివానేమోనని. లేదు. అన్నపేరు వేయొద్దు, అన్నని చూడొద్దు. అంతేగా నువ్వు రాసింది? ముప్పై ఆరేళ్ళు వచ్చాయి, పెద్ద దుకాణంలో పని, పదిమందిలో తిరుగుతావు. మా అన్న బొజ్జ బొమ్మ లోపల దూరి గెంతేవాడని చెప్పుకోవడానికి నామోషీ వేసిందా? చెప్పు. నేను సూది పట్టుకుని మీ ఇద్దర్నీ పెంచాను, నాకెప్పుడూ నామోషీ వెయ్యలేదు. వాడికీ వెయ్యలేదు. పిల్లలు నవ్వుతారమ్మా, అంతకంటే ఏం కావాలి అనేవాడు.

ఇక చూడటం తగ్గించమన్నావు. మందు తగ్గించమన్నట్టు! ఆ ఎనిమిది నిమిషాల్లో వాడు నడుస్తాడు, ఎగురుతాడు, చివర్లో ఇటు తిరిగి చెయ్యి ఊపుతాడు. అది నాకే ఊపాడని నాకు తెలుసు. నవ్వుకుంటే నవ్వుకో. తల్లి పిచ్చి తల్లికుంటుంది. నువ్వు తగ్గించమంటే తగ్గేది కాదు.

మాస్టారు నిన్న మళ్ళీ వచ్చాడు. నువ్వు చెప్పమన్నావు కాబట్టి పేరు ఇప్పుడే వెయ్యొద్దని చెప్పాను. పాపం, ఎందుకని కూడా అడగలేదు. ఆ రోజుల్లో మైకులు చూసుకునే సౌండాయన ఇంకా ఉన్నాడట, ఆయన్ని వెతికి పట్టుకుంటానన్నాడు.

అద్దాల పెట్టె వచ్చింది. కోపంగా ఉన్నాను. రేపు విప్పుతాను.

అమ్మ


మార్చి 1

అమ్మా,

అన్నయ్య గురించి నాకు నామోషీనా? ఆ మాట నువ్వెలా రాయగలిగావు! కోపమొచ్చి రెండు రోజులు జవాబు రాయలేదు. తర్వాత నా ఉత్తరం నేను తల్చుకుంటే అలాగే అనిపించింది. నా తప్పే. నాకు రాయడం సరిగా రాదు, అద్దం అరగదీయడమే వచ్చు.

నీకు ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన సంగతి ఒకటుంది. జూన్‌లో సెలవు అడిగాను, దొరికితే వస్తాను. అప్పటిదాకా నన్నేమీ అడగకు. నాకు ఒంట్లో బాగానే ఉంది. ఈ వాక్యం ఎందుకు రాశానంటే, రాయకపోతే నువ్వు అదే ఊహించుకుని పడుకోవని.

అద్దాలు పెట్టుకున్నావా?

పిచ్చుక


మార్చి 10

పిచ్చుకా,

పెట్టుకున్నాను. పెట్టుకోకపోయినా బాగుండేదేమో.

మొదటి రోజు బాగానే ఉంది. గోడ మీద బీటలు, చేతి మీద ముడతలు, ఎదురింటి ఆవిడ పైపెదవి మీద సన్నటి మీసం, అన్నీ ఒక్కసారే కనపడి నవ్వొచ్చింది. రెండో రోజు పొద్దున అద్దాలు తుడుచుకుని, ఫోన్ డబ్బాకి ఆనించి పెట్టుకుని ఆ ముక్క వేశాను. ఇంతకాలం మసక మసగ్గా చూసిన పెద్దోణ్ణి తేటగా చూద్దామని ఎంత ఆశపడ్డానో.

వంతెన దాటి గెంతే చోట కాళ్ళు దగ్గరగా చూపిస్తారు కదా. చీలమండ దగ్గర గుడ్డ కుచ్చుగా ఉంది. మడిచి, లోపల్నుంచి నాడాతో బిగించి కట్టారు. నాలుగు వేళ్ళ ఎత్తు మడత. పిచ్చుకా, ఆ వేషం నేను వాడి కాలు కొలిచి కుట్టాను. మడతా లేదు, నాడా లేదు. కుట్టించుకున్నవాళ్ళు మరిచిపోతారేమో గాని, కుట్టినదాని చెయ్యి మరిచిపోదు. ఆ కుచ్చు నాది కాదు. ఆ కాళ్ళు వాడివి కావు.

ఫోన్ బోర్లా పెట్టేశాను.

రెండేళ్ళు. రోజుకి రెండుసార్లు. ఎవరో దారినపోయే మనిషి కాళ్ళు చూసి నా కొడుకని కళ్ళు తుడుచుకున్నానా? వాణ్ణి తీసేసి ఇంకెవర్నో పెట్టారా? నువ్వు ఎదురుగా కూర్చుని చెబుతానన్నది అదేనా? వాడు నాతో చెప్పలేక, పనికి వెళ్తున్నట్టు నటించి ఎక్కడైనా కూర్చుని వచ్చేవాడా? నీకు తెలిసే పేరు వేయొద్దన్నావు. అయ్యో, నేను నీ మీద అంత మాట అన్నానే!

జూన్ దాకా నేను ఆగలేను. రాసి పంపు. ఎవరు వాడు?

అమ్మ


మార్చి 18

అమ్మా,

వాడు కాదు. నేను.

ముప్పై రెండో భాగం నుంచి చివరిదాకా, నెలకో భాగం లెక్కన ఎనిమిది నెలలు, గెంతులయ్య లోపల ఉన్నది నేనమ్మా. ఆ ముక్కలో ఉన్నది కూడా నేనే. నాలుగు వేళ్ళు పొట్టిదాన్ని కదా, కాళ్ళ దగ్గర మడిచి నాడా కట్టుకునేదాన్ని. సాయంత్రం వేషం స్టూడియో వెనక నీ కుట్టు గదికి మోసుకొచ్చేది కూడా నేనే కాబట్టి, తెచ్చేముందు నాడా లాగేసి మడత దులిపేసేదాన్ని. నువ్వు చెమట వాసన చూసి "వీడికి రోజురోజుకీ చెమట తగ్గుతోందే" అన్నావొకసారి.

ఒక రోజు నిప్పుల గుండం దగ్గర గెంతాక అన్నయ్య లేవలేదు. నేను వేషం తల ఊడలాగితే ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. ఛాతీలో ఎవరో పరిగెడుతున్నట్టుంది అన్నాడు. దారం ఉండలు కొనాలని నీకు చెప్పి ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. గుండె కండరం బలహీనపడింది, మాత్రలు వేసుకోవాలి, ఎగరకూడదు, బరువు మోయకూడదు అన్నారు. బాగు చేసే మార్గం ఉందా అని నేను అడిగాను. డాక్టరు సూటిగా చెప్పలేదు. అన్నయ్యకి అర్థమైంది.

బయట మెట్ల మీద కూర్చోబెట్టి నాతో ఒట్టు వేయించుకున్నాడు. "అమ్మకి చెబితే సూది చేతిలో ఉంటుంది గాని దారం ఎక్కదు. నాకు వీలైనన్నాళ్ళు మామూలు అమ్మ కావాలి" అన్నాడు. తోకలో నీకు దొరికిన అట్ట తలనొప్పిగాడిది కాదమ్మా. అన్నయ్యదే. వాటిని అక్కడ దాచేవాడు.

లోపలివాళ్ళకి ఏమీ కనపడదని నీకు తెలుసు కదా, నోటి దగ్గర జల్లెడ గుడ్డలోంచి రెండడుగుల నేల తప్ప. బయట ఒకళ్ళు నిలబడి అడుగడుగూ అరిచి చెప్పాలి. అప్పటిదాకా ఆ పని నాది, నేను లోపలికి వెళ్ళాక అన్నయ్య తీసుకున్నాడు. కెమెరా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని "ఎడమ, ఎడమ, ఆగు, గెంతు" అనేవాడు. "చిన్నప్పుడు ఒక్కసారైనా బొత్తాలు నాకిచ్చావా? ఇప్పుడు చూడు, నిన్నే ఆడిస్తాను" అని నవ్వేవాడు. ఆ అరుపులన్నీ తర్వాత తుడిచేసి పాటా మాటా పైన వేసేవాళ్ళు. లోపల నేనున్నట్టు నీకు చెప్పొద్దని సెట్లోవాళ్ళని అన్నయ్య బతిమాలాడు, ఎందుకో మాత్రం సౌండాయన ఒక్కరికే తెలుసు.

అన్నయ్యని ఆసుపత్రిలో చేర్చాక గాని జబ్బు సంగతి నీకు తెలియలేదు. ఎనిమిది నెలలు నీకు తెలియకుండా చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. రెండేళ్ళ కిందట ఆ ముక్క దొరికితే చెప్పేద్దామనే నీ ఫోన్లో వేశాను. నువ్వు తెర మీద వేలు పెట్టి "అదుగో నా పెద్దోడు" అన్నావు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఏమన్నా పడతాను. ఏదో ఒకటి రాయి.

పిచ్చుక


ఏప్రిల్ 9

అమ్మా,

మూడు వారాలైంది. ఎదురింటి ఆవిడకి ఫోన్ చేస్తే, మిషన్ చప్పుడు వినపడుతోంది, బాగానే ఉన్నారు అంది. తిట్టయినా పంపు. ఖాళీ కవరు పంపినా సరే, నా చిరునామా నీ చేత్తో రాసి ఉంటే చాలు.

పిచ్చుక


ఏప్రిల్ 15

పిచ్చుకా,

నాలుగు ఉత్తరాలు రాసి చింపాను. మొదటిదాంట్లో అన్నీ తిట్లే. రెండోదాంట్లో సగం తిట్లు. మిగతా రెండూ చదువుకుంటే నాకే అర్థం కాలేదు. ఇది అయిదోది.

నా కోపం పోలేదు. ఇకముందు పోతుందని కూడా చెప్పను. ఎనిమిది నెలలు ఇద్దరూ నా ఎదురుగా కూర్చుని తిన్నారే, నవ్వారే, దారం ఉండలు కొన్నామన్నారే. నాకు పెద్ద చదువు లేదని తెలుసు గాని, కన్నపిల్లల ముఖం చదవడం కూడా రాదని ఇప్పుడే తెలిసింది. మామూలు అమ్మ కావాలన్నాడా? అలా అన్నాడా వాడు? ఆ వాక్యం దగ్గర ఆగిపోయి మళ్ళీ మొదటికి వచ్చేదాన్ని. ఒక రోజు వాణ్ణి తిట్టాను. ఒక రోజు నిన్ను. ఒక రోజు మిషన్ని తిట్టాను, అదేం చేసిందో పాపం.

మొన్న ఆదివారం మాస్టారు వచ్చాడు. ముఖం అదోలా ఉంది. సౌండాయన్ని పట్టుకున్నాడట. ఆయన అటక మీద ఒక్క టేపు ఉందట. టేపులన్నీ తుడవడానికి పంపుతుంటే ఇదొక్కటి సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చేసుకున్నాడట. దాని అట్ట మీద ఆయన చేతి రాత నేనే చదివాను: "అన్నాచెల్లెళ్ళు. తుడవొద్దు." మాస్టారు ఏదో చిన్న మిషన్లోకి ఎక్కించి తెచ్చి, "కూర్చోండమ్మా. దీన్లో పాట లేదు, ఆ రోజు వినపడిందే ఉంది" అన్నాడు. ఆయన వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు, నావైపు వీపు పెట్టి.

అదే వంతెన. అదే గెంతు. కాళ్ళ దగ్గర నీ కుచ్చు. పైనుంచి వాడి గొంతు.

"ఎడమ. ఇంకా ఎడమ. ఆగు. గుంట వస్తోంది, గుంట వస్తోంది... గెంతు! భలే. ఊపిరి పీల్చుకోవే, తొందరేం లేదు."

పిచ్చుకా, పదహారేళ్ళయింది. వాడి గొంతు ఎలా ఉండేదో మరిచిపోయానని నీకెప్పుడూ చెప్పలేదు. చెప్పుకోవడానికి సిగ్గేసేది. కన్నతల్లి మరిచిపోతుందా అంటారని. గుర్తు తెచ్చుకోబోతే టీవీలో అతికించిన ఆ ఇంకొకడి గొంతే వచ్చేది. మొన్న విన్నాక తెలిసింది, కాస్త బొంగురు, చివర్లో పైకి లేస్తుంది. అంతే, అదే.

చివర్లో చెయ్యి ఊపే చోటు వచ్చింది. వాడు ఏమన్నాడో నీకు గుర్తుందా? "ఇప్పుడు ఇటు తిరుగు. అమ్మకి చెయ్యి ఊపు" అన్నాడు. నేను ఎక్కడో వెనక కుట్టు గదిలో ఉన్నాను, నాకేం కనపడుతుంది? అయినా అన్నాడు. నువ్వు ఊపావు. నేను నీకు రాశానా లేదా, అది నాకేనని? ఒక్కటైనా సరిగ్గా చదివాను.

తర్వాత ఎవరో ఆపమని అరిచారు, నువ్వు తల తీసేశావు. జుట్టంతా నుదుటికి అంటుకుని, బుగ్గలు ఎర్రగా, పందొమ్మిదేళ్ళ పిల్లవి. పక్కనుంచి ఒక చెయ్యి తువ్వాలుతో నీ ముఖం తుడిచింది. ముఖం లేదు వాడిది, చెయ్యి ఒక్కటే. ముంజేతి దగ్గర నల్ల బొత్తాం. నీలం గళ్ళ చొక్కాకి తెల్ల బొత్తాం దొరక్క నేనే నల్లది కుట్టాను, ఎవరు చూస్తారులే అని.

"బాగా ఆడావు. ఇంకా రెండు ప్రాణాలు మిగిలాయి" అన్నాడు. నువ్వు నవ్వావు. "ఆకలేస్తోందా? పద, తిందాం" అన్నాడు. అక్కడితో ఆగిపోయింది.

మళ్ళీ వేయమన్నాను. మాస్టారు ఏడుసార్లు వేశాడు. ఏడోసారి నేను వాడి గొంతు వినడం మానేసి నిన్ను చూశాను. ఇన్నాళ్ళూ పోయినవాణ్ణి చూస్తున్నాననుకుని, ఉన్నదాన్ని చూశాను కదే. చూస్తూ చూస్తూ, ఒకసారి కూడా దాని పేరు పెట్టి పిలవలేదు. ఎనిమిది నెలలు అంత బరువు తల మీద, దాని కింద ఆ సంగతి ఇంకో బరువు. నా నడుం నొప్పికి నువ్వు కాపడం పెట్టేదానివి రాత్రిళ్ళు. నీ మెడ ఎలా ఉందని నేను అడిగానా?

మాస్టారు పుస్తకం తీసి, ఇంతకీ ఏమని రాయమంటారమ్మా అన్నాడు. చెప్పాను. ఈ ముక్కలో లోపల చెల్లెలు, బయట అన్న. కుట్టింది అమ్మ. ఇంకేం కలపొద్దు అన్నాను. తోకలో మాత్రల సంగతి కొట్టేయించాను. అది మన ముగ్గురిది.

జూన్‌లో రా. నాలుగు రోజులకి కాదు, ఎక్కువ రోజులకి. వచ్చాక కొంత తిడతాను, పడు. తర్వాత ఇద్దరం కూర్చుని ఆ టేపు చూద్దాం. ఎక్కడెక్కడ ఏం జరిగిందో నువ్వు నాకు చెప్పాలి. ఎనిమిది నెలలూ, ఒక్క రోజు వదలకుండా.

అద్దాలు బాగున్నాయి. నేల ఇప్పుడు నేలలాగే ఉంది.

పని ఉందని ఆకలి చంపుకుంటావు, నాకు తెలుసు. చంపుకోకు. వేళకి కూర్చుని కడుపునిండా తిను.

అమ్మ